‘క్యాట్స్’ను వదిలేయండి, అసలు దోషి వేరే ఉంది

గత సంచికలో గుంటూరు పాఠకుడొకరు, “రంగస్థల మ్యూజికల్‌ని సినిమాగా తీసి పాడుచేసినవాటిలో అన్నిటికన్నా ఘోరం ఏది?” అని అడిగారు. “1985లో వచ్చిన ‘ఎ కోరస్ లైన్’” అని ఒక్క ముక్కలో చెప్పి ఊరుకున్నాను. ఆ ఒక్క ముక్కకి ఇన్ని ఉత్తరాలు వస్తాయని అనుకోలేదు. సగం మంది ‘క్యాట్స్’ పేరెత్తనందుకు కోప్పడ్డారు. మిగతా సగం మంది ‘ఎ కోరస్ లైన్’ అంటే ఏమిటని అడిగారు. అందుకని ఈ నెల శీర్షిక మొత్తం దీనికే. పిల్లల చదువుల గురించి, కోడళ్ల గురించి రాసినవారు వచ్చే సంచిక దాకా ఓపిక పట్టండి.

కొత్తగా చదువుతున్నవారికి ఒక మాట. మ్యూజికల్ అంటే మాటలు, పాటలు, నృత్యం మూడూ కలిసి కథ నడిపే నాటకం. న్యూయార్క్‌లో బ్రాడ్‌వే, లండన్‌లో వెస్ట్ ఎండ్ వాటికి పెట్టింది పేరు. నేను ఇంగ్లీషు లెక్చరర్‌గా రిటైరై, మా అమ్మాయి న్యూజెర్సీలో ఉండటం పుణ్యమా అని కొన్నిటిని అక్కడే చూశాను. సినిమాలన్నీ ఇక్కడ తెనాలిలో కూర్చుని చూసినవే.

పిల్లి ఒంటికి మనిషి ముఖం అతికించి, బొద్దింకల చేత డాన్సు చేయించిన సినిమా కన్నా ఘోరం ఇంకేం ఉంటుంది మేడమ్?
— డిగ్రీ విద్యార్థి, విజయవాడ

ఘోరమే, కాదనను. 2019 డిసెంబరులో ‘క్యాట్స్’ వచ్చినప్పుడు నేనూ నోరెళ్లబెట్టి చూశాను. నటుల ఒళ్లంతా కంప్యూటర్‌తో బొచ్చు మొలిపించారు, ముఖాలు మాత్రం మనుషులవే ఉంచారు. పిల్లి ఒక షాట్‌లో ఎలుకంత కనిపిస్తుంది, ఇంకో షాట్‌లో మనిషంత. ప్రీమియర్‌కి ముందు రోజు దాకా పని జరుగుతూనే ఉందని దర్శకుడు టామ్ హూపరే చెప్పాడు. విడుదలైన కొద్ది రోజులకే గ్రాఫిక్స్ సరిదిద్దిన కొత్త కాపీని థియేటర్లకు పంపారు. మొదటి కాపీలో జూడి డెంచ్ పిల్లి వేషంలో ఉంటే ఆమె మనిషి చెయ్యి, దానికి ఉంగరం కనిపించాయి మరి. చెత్త సినిమాలకిచ్చే రాజీ అవార్డులు ఆరు దక్కాయి.

పాపం జూడి డెంచ్‌కీ ‘క్యాట్స్’కీ ఎక్కడో జాతకం కుదరలేదు. 1981లో లండన్‌లో ఆ నాటకం మొదలయ్యేటప్పుడు గ్రిజబెల్లా అనే ముసలి పిల్లి వేషం ఆమెదే. రిహార్సల్స్‌లో కాలి నరం తెగింది. వేషం ఎలేన్ పేజ్‌కి వెళ్లింది, ‘మెమరీ’ పాటా ఆమెదైంది. దాదాపు నలభై ఏళ్ల తరువాత డెంచ్‌కి దొరికిన పిల్లి వేషం ఇదీ.

అయినా నేను ‘క్యాట్స్’ని అన్నిటికన్నా ఘోరం అనను. మూలంలోనే కథ లేదు. టి.ఎస్. ఇలియట్ పిల్లల కోసం 1939లో అచ్చువేసిన పిల్లుల పద్యాలకు ఆండ్రూ లాయిడ్ వెబర్ బాణీలు కట్టాడు. ఒక్కో పిల్లి వచ్చి తన పరిచయం చేసుకుని వెళుతుంది, అంతే. స్టేజీ మీద అది బ్రాడ్‌వేలోనే 18 ఏళ్లు, 7,485 ప్రదర్శనలు ఆడింది. ఎలా ఆడిందంటే, నటులు విగ్గూ చారల బనీనూ వేసుకుని పిల్లిలా ఒళ్లు విరుచుకునేవారు, మిగతా పిల్లిని ప్రేక్షకుడు తన మనసులో పూర్తిచేసుకునేవాడు. చీకట్లో కుర్చీల మధ్యకి పాక్కుంటూ వచ్చి మన మోకాలి పక్కన ఆగిన మనిషిని పిల్లి అనుకోవడం ఒక సరదా. సినిమా ఆ పనిని మన చేతిలోంచి లాక్కుని కంప్యూటర్‌కి అప్పగించింది. మనకి చెయ్యడానికి ఏమీ మిగల్లేదు, చూసి జడుసుకోవడం తప్ప.

అది తెలివితక్కువతనం. ద్రోహం మాత్రం కాదు. ద్రోహం సంగతి కింద ఉంది.

‘ఎ కోరస్ లైన్’ నేను చూశాను. డాన్సులు బాగానే ఉన్నాయి. ‘గాంధీ’ తీసిన మహానుభావుడిని పట్టుకుని అంత మాట అనొచ్చా?
— నాట్యం టీచరు, హైదరాబాద్

‘గాంధీ’ తీసినందుకు రిచర్డ్ ఆటెన్‌బరోకి మనమంతా రుణపడి ఉన్నాం తల్లీ, ఆ లెక్క వేరు. ఉప్పు సత్యాగ్రహంలో వేలమందిని నడిపించినవాడు ఒక తెల్ల గీత మీద నిలబడిన పదిహేడు మందిని నడిపించలేకపోయాడు.

ఆ నాటకం ఏమిటో చెబుతాను. 1975లో మైకేల్ బెన్నెట్ తయారుచేశాడు. పెద్ద షోల్లో హీరోయిన్ వెనకాల వరసగా నిలబడి ఆడే గ్రూప్ డాన్సర్లు ఉంటారు చూడండి, వాళ్లని ఒకచోట కూర్చోబెట్టి, రాత్రంతా మాట్లాడించి టేపు చేశాడు. ఆ మాటల్లోంచే నాటకం పుట్టింది. ఖాళీ స్టేజీ, వెనక అద్దాలు, నేల మీద ఒక గీత, దాని మీద ఉద్యోగం కోసం వచ్చిన డాన్సర్లు. జాక్ అనే దర్శకుడు చాలాసేపు చీకట్లోంచి గొంతుగా మాత్రమే వినిపిస్తాడు. ఒక్కొక్కరినీ “నీ గురించి చెప్పు” అని అడుగుతాడు. చివరికి ఎనిమిది మందిని తీసుకుంటాడు. పదిహేనేళ్లు ఆడింది, 6,137 ప్రదర్శనలు. 1976లో పులిట్జర్ బహుమతి కూడా వచ్చింది.

ఇప్పుడు అసలు విషయం. నాటకం చివర్లో పాల్ అనే కుర్రాడు డాన్సు చేస్తూ పడి, మోకాలు పోగొట్టుకుని ఆసుపత్రికి వెళతాడు. అందరూ నిశ్చేష్టులై ఉంటే, “రేపటి నుంచి మీరు డాన్సు చెయ్యలేకపోతే ఏం చేస్తారు?” అని జాక్ అడుగుతాడు. దానికి జవాబుగా డయానా అనే అమ్మాయి ‘వాట్ ఐ డిడ్ ఫర్ లవ్’ పాట ఎత్తుకుంటుంది, మిగతావాళ్లు గొంతు కలుపుతారు. ఆ పాటలో ప్రేమ అంటే నాట్యం మీద ప్రేమ. డబ్బు రాలేదు, పేరు రాలేదు, ఒళ్లు పాడైంది, అయినా చేసినందుకు బాధలేదు అని. మీరు నాట్యం టీచరు కాబట్టి మీకు నేను విడమరిచి చెప్పనక్కర్లేదు.

సినిమాలో ఆ పాట ఎవరికిచ్చారో గుర్తుందా? క్యాసీకి. జాక్ మాజీ ప్రియురాలికి. ఆమె అతన్ని తలుచుకుని పాడుతుంది. అంటే అది మామూలు విరహగీతం అయిపోయింది! నాటకం మొత్తం ఏ మేకుకి వేలాడుతోందో ఆ మేకు పీకేశారు. ఇక ఆ గీత మీద నిలబడ్డవాళ్లంతా ఆ ఇద్దరి ప్రేమకథకి వెనకాల నిలబడిన గ్రూప్ డాన్సర్లు. ఏ మనుషుల్ని వెనక వరసలోంచి ముందుకి తెచ్చానని బెన్నెట్ గర్వపడ్డాడో, సినిమా వాళ్లని తీసుకెళ్లి మళ్లీ వెనక వరసలోనే నిలబెట్టింది. చీకట్లో గొంతుగా ఉండాల్సిన జాక్‌కి మైకేల్ డగ్లస్ ముఖం తగిలించి, క్లోజప్‌లో సిగరెట్టు కాల్పించారు. కొన్ని పాటలు తీసేసి ‘సర్‌ప్రైజ్, సర్‌ప్రైజ్’ అని కొత్తది పెట్టారు. దానికి ఆస్కార్ నామినేషన్ కూడా వచ్చింది, ఏం చెయ్యను.

డాన్సులు బాగున్నాయన్నారు, ఒప్పుకుంటాను. అదే నా కడుపుమంట. ‘క్యాట్స్’ చూసినవాడు “ఛీ” అని లేచిపోతాడు, నాటకానికి నష్టం లేదు. ఇది చూసినవాడు “ఫరవాలేదే, ఇంతేనా ఆ నాటకం” అనుకుంటాడు.

‘డియర్ ఇవాన్ హాన్సెన్’లో హీరో వయసు గురించి అందరూ ఎందుకంత గోల చేశారు? మన హీరోలు యాభై దాటాక కూడా కాలేజీకి వెళతారు కదా!
— సాఫ్ట్‌వేర్ ఇంజినీరు, డల్లాస్

బాబూ, మన హీరో కాలేజీకి వెళ్లేది చదువుకోవడానికి కాదు. ఆ సంగతి హీరోకీ తెలుసు, ప్రిన్సిపాల్‌కీ తెలుసు, మనకీ తెలుసు.

ఇక్కడ చిక్కు వేరు. ఇవాన్ పదిహేడేళ్ల బెరుకు కుర్రాడు. తోటి విద్యార్థి ఆత్మహత్య చేసుకుంటే, తాను అతని ప్రాణస్నేహితుణ్నని అబద్ధం చెప్పి ఆ తల్లిదండ్రుల ఇంట్లో చోటు సంపాదిస్తాడు. చిన్నవాడు కాబట్టి, భయంలో నోరుజారి ఇరుక్కున్నాడు కాబట్టి క్షమిస్తాం. బ్రాడ్‌వేలో ఆ వేషానికి 2017లో టోనీ అవార్డు (నాటకాలకి ఆస్కార్ లాంటిది) తెచ్చుకున్న బెన్ ప్లాట్‌నే 2021 సినిమాకీ పెట్టారు. షూటింగ్ నాటికి అతనికి 27 దగ్గర పడ్డాయి. స్టేజీ మీద పదిహేనో వరసలో కూర్చున్నవాడికి ముడతలు కనిపించవు, గొంతులో వణుకు వినిపిస్తుంది. కెమెరాకి అన్నీ కనిపిస్తాయి. క్షమించాల్సిన కుర్రాడు పోయి, పుత్రశోకంలో ఉన్న దంపతుల్ని మోసం చేస్తున్న పెద్దమనిషి తేలాడు.

దీనికి ఉల్టా 1974 నాటి ‘మేమ్’. అరవై దాటిన లూసిల్ బాల్ ముఖం దగ్గరికి వచ్చినప్పుడల్లా కెమెరా మంచు కప్పినట్టు మసకబారుతుంది. ఆ వేషాన్ని స్టేజీ మీద వెలిగించిన ఏంజెలా లాన్స్‌బరీని పక్కనపెట్టి మరీ తీశారు.

‘లే మిజరాబ్ల్’లో నటులే సెట్‌లో నేరుగా పాడారట. మన ప్లేబ్యాక్ పద్ధతి కన్నా అదే నిజాయితీ కదా?
— సంగీతం ఉపాధ్యాయుడు, రాజమహేంద్రవరం

2012లో అది తీసినది కూడా ‘క్యాట్స్’ హూపరే. నటుల చెవిలో చిన్న ఇయర్‌ఫోన్ పెట్టి, పక్కనెక్కడో పియానో వాయిస్తుంటే పాడించారు. ఆర్కెస్ట్రా తరువాత కలిపారు. ఆన్ హాథవే జుట్టు కత్తిరించుకుని ఒకే షాట్‌లో పాడిన పాటకి ఆ పద్ధతి పనిచేసింది, ఆస్కార్ తెచ్చిపెట్టింది. ఏడుస్తూ పాడితే పాట విరుగుతుంది, విరగడమే అక్కడ కావాలి. రసెల్ క్రో పాడిన పోలీసు అధికారి వేషానికి మాత్రం విరగని గొంతు కావాలి. ఉక్కు లాంటి మనిషి శ్రుతి కోసం వెతుక్కుంటుంటే ఎవరు భయపడతారు?

నిజాయితీ మాటకొస్తే, మాస్టారూ, మన తొలి టాకీల్లో నటులే పాడేవారు. హార్మోనియం, ఫిడేలు కెమెరాకి అందకుండా చాటున ఉండేవి. నేపథ్యగానం వచ్చాక మనం సిగ్గుపడలేదు, గాయకుల పేర్లు తెర మీద వేసి, రికార్డుల మీద వేసి నెత్తిన పెట్టుకున్నాం. హాలీవుడ్‌ది దొంగచాటు. ‘ది కింగ్ అండ్ ఐ’లో డెబొరా కెర్‌కి, ‘వెస్ట్ సైడ్ స్టోరీ’లో నటలీ వుడ్‌కి, ‘మై ఫెయిర్ లేడీ’లో ఆడ్రీ హెప్‌బర్న్‌కి పాడింది ఒక్కరే, మార్నీ నిక్సన్. ఆ సినిమాల టైటిల్స్‌లో ఆమె పేరే లేదు. మన సుశీలమ్మకి అలా జరిగి ఉంటే ఊరుకునేవాళ్లమా?

అమెరికా సంగతులు సరే. మన పద్యనాటకాలు మ్యూజికల్స్ కావా? వాటిని సినిమా వాళ్లు ఏం చేశారు?
— రిటైర్డ్ తహసీల్దారు, ఒంగోలు

ఈ ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్నాను. మా నాన్నగారు నాటక సమాజాలకి హార్మోనియం వాయించేవారు. కాబట్టి దీని మీద నాకు కొంచెం వాచాలత్వం ఎక్కువ, భరించండి.

మన తొలి టాకీ ‘భక్త ప్రహ్లాద’ (1932) స్టేజీ నాటకంలోంచి వచ్చిందే, సురభి కమలాబాయి అందులో లీలావతి. అంటే మన సినిమా పుట్టడమే నాటకం పొట్టలోంచి పుట్టింది. అందుకే ‘స్టేజీని తెరకెక్కించడం ఎలా’ అన్న తలనొప్పి హాలీవుడ్ కన్నా మనకేం తక్కువ లేదు.

స్టేజీ మీద పద్యం ఎలా ఉండేదో మీకు తెలుసు. కృష్ణుడు పద్యం నాలుగు పాదాలూ చెబుతాడు, అసలు పని అప్పుడు మొదలవుతుంది. చివరి మాట పట్టుకుని రాగం తీస్తాడు. హార్మోనియం వెంటపడుతుంది. మైకులు సరిగా లేని రోజుల్లో గొంతు ఆఖరి వరస చాప దాకా వెళ్లాలి. ఈలలు, “వన్స్ మోర్”లు. చచ్చిపోయినవాడు కూడా లేచి పద్యం మళ్లీ పాడి మళ్లీ చచ్చేవాడని జోకు ఊరికే పుట్టలేదు. దుర్యోధనుడు రాయబారం వింటున్నాడా లేదా అన్నది ఎవరికీ పట్టదు, పద్యం జనం కోసం.

కెమెరా ముందు ఇది చెల్లదు. ఎదురుగా దుర్యోధనుడు క్లోజప్‌లో ఉన్నాడు, వాడు ఎంతసేపని కళ్లు ఉరుముతాడు? ఈ ముడి విప్పినవాడు ఘంటసాల. 1967 నాటి ‘శ్రీకృష్ణావతారం’లో తిరుపతి వేంకట కవుల రాయబారం పద్యాలు వినండి. అక్షరం మారలేదు. రాగం ఉంది, కానీ మాట అర్థమయ్యాక, మాటకి ఎంత కావాలో అంతే. ‘చెల్లియో చెల్లకో’ పద్యం సభలో కూర్చున్న కౌరవులకి చెబుతున్నట్టు ఉంటుంది, మైదానంలో చాపలేసుకున్న జనానికి కాదు. మా నాన్నగారి తరం వాళ్లు మొదట్లో “రాగమేదీ, మింగేశాడే” అని సణిగారు. తరువాత ఆ తరం వాళ్లే ఆ రికార్డులు అరగదీశారు. స్టేజీ నటులు కూడా ఘంటసాల బాణీలో పాడటం మొదలుపెట్టారు, అది ఇంకో కథ.

రెండో ఉదాహరణ ‘మీరజాలగలడా’. స్థానం నరసింహారావు గారు ‘శ్రీకృష్ణ తులాభారం’ నాటకంలో సత్యభామ వేషం కట్టి పాడినది. మగవాడి ఒంట్లోంచి ఆడతనపు గర్వం పుట్టించడం ఆ పాట పని. 1966 సినిమాలో జమున ఉంది, నిజంగా ఆడదే, ఇక మాయ ఎక్కడ? సుశీల గొంతు, జమున మెడవిరుపు పంచుకున్నాయి. మాయ మారింది, గర్వం మిగిలింది. అందుకే పాట బతికింది.

ఈ రెంటికీ ‘ఎ కోరస్ లైన్’కీ తేడా చూడండి. మనవాళ్లు చాలా తగ్గించారు, మార్చారు, కానీ ఆ పద్యం ఎవరితో అంటున్నాడు, ఆ పాట ఎందుకు పాడుతోంది అన్న రెండు విషయాలు చెడగొట్టలేదు.

మరి ‘కన్యాశుల్కం’ సినిమా సంగతి?
— పాఠకురాలు, విజయనగరం

అది సంగీత నాటకం కాదమ్మా. నన్ను విజయనగరం వాళ్లతో తగువులోకి దింపొద్దు.

‘ఫాంటమ్ ఆఫ్ ది ఒపెరా’ (2004) చూసి మా ఇంట్లో అందరం ఏడ్చాం. దాన్ని కూడా చెత్త అంటారా? అయినా ఇన్ని తంటాలెందుకు, నాటకం ఆడుతుండగా కెమెరా పెట్టి తీస్తే పోలా?
— బ్యాంకు ఉద్యోగిని, విశాఖపట్నం

ఏడిస్తే ఏడవండి, ఆ సంగీతానికి ఆ శక్తి ఉంది. నా ఫిర్యాదు ఒక్కటే. ఫాంటమ్ తన గొంతుతో కథానాయికని వశం చేసుకునే సంగీతగురువు. జెరార్డ్ బట్లర్ అందంగా ఉన్నాడు, గొంతు గురువుగారిది కాదు. పైగా నాటకంలో మొదటి అంకం చివర మన నెత్తి మీదికి ఊడిపడే షాండ్లియర్‌ని, అంటే పైకప్పుకి వేలాడే పెద్ద దీపాల గుత్తిని, తీసుకెళ్లి కథ చివర్లో పడేశారు.

మీ రెండో ప్రశ్న చాలా మంచిది. అలా తీస్తే పోతుంది, బాగా పోతుంది కూడా. 2016లో ‘హామిల్టన్’ని బ్రాడ్‌వే థియేటర్‌లోనే, అసలు నటులతోనే చిత్రీకరించి దాచి, 2020 జులైలో ఓటీటీలో వదిలారు. ‘ఫాంటమ్’కి కూడా 25 ఏళ్లు నిండాయని 2011లో లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్‌లో ఆడి, రికార్డు చేశారు. మీ ఇంట్లోవాళ్లకి అది చూపించండి. ఇంకా ఎక్కువ ఏడుస్తారు.

అన్నీ తిట్లేనా? బాగా తీసినవి లేవా?
— పాఠకుడు, నల్గొండ

ఉన్నాయి. ‘క్యాబరే’ (1972). బాబ్ ఫాసీ ఆ నాటకాన్ని ఆటెన్‌బరో కన్నా దారుణంగా కోసేశాడు. క్లబ్బు బయట, ఇళ్లల్లో పాత్రలు పాడుకునే పాటలన్నీ తీసిపారేశాడు, కొత్తవి చేర్చాడు. బెర్లిన్ క్లబ్బులో స్టేజీ మీద మాత్రమే పాట. బయట ఒక్కటే ఒక్క పాట మిగిల్చాడు: ఎండలో, తోటలో, బంగారు జుట్టు కుర్రాడు తీయగా ఎత్తుకుంటాడు, కెమెరా కిందికి దిగితే చేతికి స్వస్తిక్ పట్టీ. జనం ఒక్కొక్కరే లేచి గొంతు కలుపుతారు. ఒళ్లు జలదరిస్తుంది. ఎనిమిది ఆస్కార్లు వచ్చాయి. 2002లో ‘చికాగో’ వాళ్లు పాటలన్నీ హీరోయిన్ ఊహలో జరుగుతున్నట్టు తీశారు. అదీ తెలివే.

డిసెంబరులో మా అబ్బాయి దగ్గరికి న్యూయార్క్ వెళుతున్నాం. ఒక్క మ్యూజికల్ చూడాలని ఉంది, టికెట్లు చూస్తే గుండె ఆగింది. ఏం చెయ్యమంటారు?
— గృహిణి, నిజామాబాద్

టైమ్స్ స్క్వేర్‌లో ఎర్ర మెట్ల కింద టీకేటీఎస్ అని కౌంటరు ఉంటుంది. ఆ రోజు మిగిలిపోయిన టికెట్లు తగ్గింపు ధరకి అమ్ముతారు. డిసెంబరు చలిలో క్యూ నిలబడాలి కాబట్టి మంకీ క్యాప్ మర్చిపోవద్దు, అబ్బాయి నవ్వితే నవ్వనివ్వండి. ‘చికాగో’ 1996 నుంచి ఆడుతూనే ఉంది, దానికి టికెట్ దొరికే అవకాశం ఎక్కువ. పిల్లల్ని తీసుకెళ్లకండి, అది హంతకుల కథ. వెళ్లేముందు సినిమా మాత్రం చూడొద్దు, వచ్చాక చూడండి. రెంటిలో ఏది నచ్చిందో నాకు రాయండి, నల్గొండ ఆయనకి జవాబు అవసరం పడేలా ఉంది.